రేపే పరీక్ష! చివరి మూడు రోజుల్లో ఏం చేయాలి, ఏం మానాలి?



పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు అయిపోయినా మనకు విశ్రాంతి ఉండదు. వెనువెంటనే విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ వచ్చి పడుతుంది. మే నెల ఎండ, సాయంత్రమైతే కాలవైశాఖి గాలివాన, దాంతోపాటు పోయే కరెంటు, బల్ల నిండా పుస్తకాలు. ఖరగ్‌పూర్‌లో పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లన్నీ ఆ రోజుల్లో ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పరీక్షకు మూడు రోజులుందనగా చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది: "చదివిందంతా మర్చిపోయాను, ఇక నావల్ల కాదు."

ఈ వ్యాసం ఆ మూడు రోజుల గురించే. ఏడాది పొడవునా ఎలా చదవాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిని ఏడాది మొదట్లో చదవాలి. పరీక్ష గుమ్మంలోకి వచ్చాక పనికొచ్చేవి కొద్దిపాటి సంగతులే. ఆ కంగారు ఎందుకు వస్తుంది, మిగిలిన కొద్ది గంటల్లో ఏ పని చేస్తే లాభం, ఏ పని చేస్తే చదివినట్టు అనిపించి తీరా ఏమీ మిగలదు అనేవి తెలిస్తే చాలు.

మన కష్టం కొంచెం వేరు

మన ఊళ్లో తెలుగువాళ్లు రెండు రకాలు. కొందరి తాతలు, ముత్తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వర్క్‌షాపులోనూ లోకో షెడ్డులోనూ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంకొందరు నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయి నిన్నమొన్న వచ్చారు. ఒకరిది రైల్వే, ఒకరిది కలైకుండ వైమానిక స్థావరం, ఇంకొకరిది ఐఐటీ, మరొకరిది ఏదో కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. వచ్చే ఏడాది వీళ్లలో ఎవరు ఎక్కడుంటారో చెప్పలేం.

బదిలీల మీద తిరిగే పిల్లలకు చివరి రోజుల్లో ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. కేంద్రీయ విద్యాలయాలన్నింటిలో ఒకే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలున్నా, అన్ని బడుల్లో పాఠాలు ఒకే వేగంతో నడవవు. పాత బడిలో ఇంకా మొదలుపెట్టని పాఠం కొత్త బడిలో అప్పటికే అయిపోయి ఉంటుంది. అక్కడ విన్న పాఠాన్నే ఇక్కడ మళ్లీ వినాల్సి వస్తుంది. పోయిన పాఠం మాత్రం మధ్యలో ఎక్కడో పోతుంది. ఇన్నాళ్లూ కనబడకుండా ఉన్న ఆ ఖాళీ సరిగ్గా పరీక్షకు మూడు రోజుల ముందు కళ్లముందుకు వస్తుంది. నోట్సు అడుగుదామంటే పాత స్నేహితులు ఇంకో రాష్ట్రంలో ఉంటారు. కొత్త స్నేహితులతో అంత చనువు ఏర్పడి ఉండదు.

అయితే బదిలీ పిల్లలకు బాగా తెలిసిన విద్య కూడా ఒకటుంది. ఇల్లు సర్దడం. వారం రోజుల్లో క్వార్టర్ ఖాళీ చేయాలంటే ఏ పెట్టెలో ఏం పెట్టాలో, ఏది వదిలేయాలో, ఏది చేతి సంచిలో ఉంచుకోవాలో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చివరి రోజుల రివిజన్ అచ్చంగా అలాంటి పనే. అదెలాగో చూసేముందు కంగారు సంగతి తేల్చుకుందాం.

కంగారు అంటే ఒంట్లో జరిగేదేమిటి?

మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. అపాయం ఉందని మెదడు అనుకోగానే ఇవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, ఆకలి పోతుంది. పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతోందన్నమాట. హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 20వ శతాబ్దం తొలి రోజుల్లో దీన్ని వివరించాడు. ఎదురుగా ఎద్దు వస్తున్నా, ఎదురుగా ప్రశ్నపత్రం ఉన్నా శరీరం చేసేది ఇదే. దానికి తేడా తెలియదు.

అందుకే గుండె దడదడలాడటం మీకు చదువు రాదనడానికి గుర్తు కాదు. బాగా చదివినవాళ్లకూ అది కొట్టుకుంటుంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలతో ఒక ప్రయోగం చేశారు. తేలికైన పని నేర్చుకోవడానికి గట్టి ఒత్తిడి ఉన్నా ఫరవాలేదనీ, కష్టమైన పనికి మాత్రం ఒత్తిడి మధ్యస్థంగా ఉన్నప్పుడే నేర్పు బాగా వస్తుందనీ గమనించారు. కొంచెం కంగారు ఉంటేనే మనం పుస్తకం తెరుస్తాం. అది హద్దు మీరితేనే చిక్కు.

హద్దు మీరితే ఏమవుతుంది? ఒక లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన అంకెల్ని కాసేపు పట్టి ఉంచుకునే చోటు మనసులో ఒకటుంటుంది. అది చాలా ఇరుకైనది. "ఫెయిలైతే ఎలా, నాన్నకు ఏం చెప్పాలి, పక్కింటి అబ్బాయికి సీటు వస్తే" అనే ఆలోచనలు వచ్చి అక్కడ కూర్చుంటే అంకెలకు చోటు మిగలదు. వచ్చిన లెక్కే రానట్టు అనిపిస్తుంది. చదివింది చెరిగిపోలేదు, ప్రస్తుతానికి దాన్ని బయటికి తీసే దారి మూసుకుంది. ఈ తేడా తెలిసినవాళ్లకు సగం ధైర్యం వస్తుంది.

చదివినట్టు అనిపించడం వేరు, రావడం వేరు

కంగారులో అందరూ చేసే మొదటి పని పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం. రంగు పెన్నుతో గీతలు గీస్తూ పేజీలు తిప్పుతుంటే అన్నీ తెలిసినవే కనబడతాయి. మనసు తేలికపడుతుంది. రాత్రి పదకొండింటికి "హమ్మయ్య, మూడు పాఠాలు అయిపోయాయి" అనుకుంటాం.

ఇక్కడే ఒక మోసం ఉంది. తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టడం తేలిక. అదే మనిషి పేరు, ఊరు, ఎక్కడ కలిశామో చెప్పడం కష్టం. పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు మనం చేసేది గుర్తుపట్టడం. పరీక్షలో కావలసింది గుర్తుతెచ్చుకోవడం. సీయూఈటీలో జవాబులు నాలుగూ ఎదురుగానే ఉంటాయి కదా అంటారేమో. ఆ నాలుగూ తెలిసినవాటిలాగే కనబడేట్టు పెట్టడమే ఆ ప్రశ్నల పని. పేజీని చూసి తలూపడం ఒక్కటే అలవాటైనవాళ్లు అక్కడ ఎక్కువ తడబడతారు.

2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని కాలేజీ విద్యార్థులతో పరీక్షించారు. అందరికీ ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు. కొందరు పాఠం మూసి, గుర్తున్నంత కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే లెక్క తారుమారైంది. మూసి రాసినవాళ్లకు పాఠంలో 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే గుర్తుంది. రెండు రోజుల తర్వాత అడిగినా మూసి రాసినవాళ్లే ముందున్నారు.

దీన్నుంచి రెండు సంగతులు గ్రహించాలి. మళ్లీ చదివితే వెంటనే బాగా వచ్చినట్టుండటం భ్రమ కాదు, అది నిజంగానే ఐదు నిమిషాలు పనిచేస్తుంది. కానీ మన పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు. మూడు రోజుల దూరంలో ఉన్న పరీక్షకు పుస్తకం మూసి రాసిన ఒక్క కాగితం, తెరిచి చదివిన చాలా పేజీలకంటే మేలు.

ఒక ఉదాహరణ చూద్దాం. చరిత్రలో 1857 తిరుగుబాటు పాఠం. పుస్తకం మూయండి. తెల్లకాగితం మధ్యలో 1857 అని రాయండి. ఎక్కడ మొదలైంది? మే 10న మీరట్‌లో. సిపాయిలు తర్వాత ఎక్కడికి వెళ్లారు? ఢిల్లీకి, బహదూర్ షా దగ్గరికి. కాన్పూర్‌లో ఎవరు? నానా సాహెబ్. ఝాన్సీలో లక్ష్మీబాయి. బీహార్‌లోని ఆరాలో... ఇక్కడ ఆగిపోతారు. పుస్తకం తెరవకండి. ఒక నిమిషం ఇబ్బంది పడండి. ఆ ఇబ్బందే మీకు మేలు చేస్తుంది. తర్వాత తెరిచి చూసి "కున్వర్ సింగ్" అని ఎర్ర సిరాతో రాయండి. ఒక పాఠానికి ఇరవై నిమిషాలు చాలు. చివరికి కాగితం మీద ఎర్ర సిరా ఉన్నంతమేరే మీరు మళ్లీ చూసుకోవలసింది. రేపు ఇంకో తెల్లకాగితం మీద అదే పాఠం మళ్లీ రాస్తే ఎర్ర సిరా తగ్గిందో లేదో మీ కళ్లకే కనబడుతుంది.

భౌతికశాస్త్రమైతే సూత్రాలు, వాటిలోని ప్రతి అక్షరానికి అర్థం, ప్రమాణం రాయాలి. అకౌంటెన్సీ అయితే పద్దు నమూనా గీయాలి. జీవశాస్త్రమైతే బొమ్మ వేసి భాగాల పేర్లు పెట్టాలి. పద్ధతి మాత్రం ఒకటే: ముందు మూయడం, రాయడం, తర్వాతే చూడటం.

మూడు గుట్టలుగా సర్దండి

ఇల్లు మారేటప్పుడు సామాను మూడు రకాలు చేస్తాం కదా. పాఠాలనూ అలాగే చేయండి. సబ్జెక్టుకు ఒక కాగితం తీసుకుని పాఠాల పేర్లన్నీ రాయండి. ఒక్కోదాని మీద రెండు నిమిషాలు పుస్తకం చూడకుండా ఆలోచించి పక్కన గుర్తు పెట్టండి.

మొదటి గుట్ట: బాగా వచ్చినవి. వీటికి పరీక్ష ముందురోజు ఒక చూపు చాలు. కంగారుగా ఉన్నప్పుడు మనం ఎక్కువసేపు చదివేది ఇవే, ఎందుకంటే వచ్చిన పాఠం చదువుతుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసం గంటలు ఖర్చుపెట్టకండి.

రెండో గుట్ట: సగం వచ్చినవి. మీ సమయంలో ఎక్కువ భాగం వీటికే. ఒక్క గంట పెడితే మార్కులుగా మారేవి ఇవే.

మూడో గుట్ట: అసలు రానివి. బదిలీల మధ్య జారిపోయిన పాఠాలు ఇందులోనే ఉంటాయి. అన్నీ ఎత్తుకోలేం. వాటిలోంచి ఒకటి, మహా అయితే రెండు ఎంచుకోండి. పాఠం చివరనున్న సారాంశం, ముఖ్యమైన నిర్వచనాలు, పాత ప్రశ్నల్లో పదే పదే వచ్చిన అంశాలు చూసి ఆపేయండి. మిగిలినవి వదిలేశామని కాగితం మీద రాసి, నిజంగానే వదిలేయండి. "అయ్యో, అది చదవలేదే" అని రోజంతా బాధపడటం కంటే తెలిసి వదిలేయడం నయం.

సీయూఈటీ సబ్జెక్టు పేపర్లకు ఆధారం పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సిలబసే. మీరు సికింద్రాబాద్‌లో చదివినా, ఖరగ్‌పూర్‌లో చదివినా, గువాహటిలో చదివినా పుస్తకం అదే. చివరి మూడు రోజుల్లో కొత్త గైడు కొనడం, తెలియనివాళ్ల నోట్సు తెచ్చుకోవడం రెండూ మానేయండి. కొత్త పుస్తకంలో తెలియని ముక్క ఒకటి కనబడిందంటే పాత ధైర్యమంతా పోతుంది.

ఒకసారికి ఒకే దారి

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి రైళ్లు ఎన్ని వైపులకు వెళతాయో మీకు తెలుసు. హౌరా వైపు, టాటానగర్ వైపు, బాలేశ్వర్ మీదుగా మన తెలుగు నేల వైపు, మేదినీపూర్ మీదుగా ఆద్రా వైపు. ఇన్ని పట్టాలు కలిసే చోట ఇంటర్‌లాకింగ్ అనే ఏర్పాటు ఉంటుంది. ఒక రైలుకు దారి ఇచ్చారంటే, దానికి అడ్డొచ్చే దారులన్నీ తాళం పడిపోతాయి. అవి తాళం పడితేగాని ఈ రైలుకు పచ్చ సిగ్నల్ రాదు. మీ ఇంట్లో సిగ్నల్ విభాగంలో పనిచేసేవాళ్లుంటే అడిగి చూడండి, ఇంకా బాగా చెబుతారు.

చదువుకూ అలాంటి తాళం కావాలి. అర్థశాస్త్రం చదువుతూ "ఇంకా రాజనీతిశాస్త్రం ఉందే" అనుకుంటే రెండూ కదలవు. నలభై నిమిషాలు ఒకే పాఠం, పది నిమిషాలు విరామం. ఫోను ఇంకో గదిలో. ఆ నలభై నిమిషాల్లో వేరే సబ్జెక్టు గుర్తొస్తే పక్కనున్న చీటీ మీద దాని పేరు రాసి మళ్లీ ఈ పాఠంలోకి రండి. చీటీ మీద పెట్టిన పనిని మనసు మాటిమాటికీ గుర్తుచేయదు.

ఇంటి భాషలో చెప్పి చూడండి

మనలో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లిషు మాట్లాడతాం. సీయూఈటీ ప్రశ్నపత్రం 13 భాషల్లో ఉంటుంది, తెలుగు, బెంగాలీ రెండూ వాటిలో ఉన్నాయి. ఏ భాషలో రాయాలో దరఖాస్తు చేసేటప్పుడే ఎంచుకోవాలి కాబట్టి చివరి రోజుల్లో దాని గురించి ఆలోచించి లాభం లేదు.

కానీ ఇంటి భాష ఇంకో విధంగా పనికొస్తుంది. ఒక పాఠం నిజంగా అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే దాన్ని తెలుగులో ఎవరికైనా చెప్పి చూడండి. వంటింట్లో అమ్మ కూర తరుగుతుంటే పక్కన కూర్చుని "అమ్మా, ద్రవ్యోల్బణం అంటే ఏంటో చెబుతాను విను" అనండి. "అంటే సామాన్ల ధరలు పెరగడమేనా? మరి జీతం పెరిగితే ఫరవాలేదా?" అని అమ్మ అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉందంటే ఆ పాఠం వచ్చినట్టే. లేకపోతే ఎక్కడ తడబడ్డారో అక్కడ పుస్తకం తెరవండి. బట్టీపట్టిన ఇంగ్లిషు వాక్యం నోటికి వస్తుందేగాని దాని వెనక అర్థం ఉందో లేదో అది చెప్పదు. ఒక జాగ్రత్త: వివరణ తెలుగులో చేసినా, సాంకేతిక పదాలను మాత్రం మీరు ఎంచుకున్న పరీక్ష భాషలోనే పలకండి. ప్రశ్నపత్రంలో కనబడేది ఆ పదాలే.

మూడు రోజుల పట్టిక

మొదటి రోజు: ఉదయం పాఠాలను మూడు గుట్టలుగా సర్దండి. మిగిలిన రోజంతా రెండో గుట్ట. ఒక్కో పాఠానికి మూసి రాసిన కాగితం ఒకటి. సాయంత్రం అరగంట నడక. ఎండ తగ్గాక కాలనీ వీధుల్లో నడిచి వచ్చినా చాలు.

రెండో రోజు: ఉదయం నిన్న రాసిన పాఠాలనే మళ్లీ తెల్లకాగితం మీద. మధ్యాహ్నం మూడో గుట్టలోంచి ఎంచుకున్న ఒకటో రెండో. సాయంత్రం ఒక పాత ప్రశ్నపత్రం, గడియారం ముందుపెట్టుకుని. మార్కులు ఎన్ని వచ్చాయన్నది ముఖ్యం కాదు. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగారో చూసుకోండి.

మూడో రోజు: ఎర్ర సిరాతో రాసినవి మాత్రమే. మధ్యాహ్నానికల్లా అడ్మిట్ కార్డు, గుర్తింపు కార్డు, ఫొటో, నీళ్ల సీసా ఒక చోట పెట్టండి. అడ్మిట్ కార్డు ముద్రణ సాయంత్రానికి వాయిదా వేయకండి. గాలివాన వస్తే కరెంటూ ఉండదు, జెరాక్సు దుకాణమూ తెరిచి ఉండదు. పరీక్ష కేంద్రం కలకత్తాలో పడితే హౌరాకే 115 కిలోమీటర్లు. ఏ లోకల్ ఎక్కాలో, అది తప్పితే తర్వాతది ఏదో ముందే రాసిపెట్టుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత పుస్తకం మూయండి.

తొమ్మిదింటికా అని ఆశ్చర్యపోకండి. రాత్రంతా మేలుకుని చదివినవాడు కష్టజీవి అని మన ఇళ్లలో పేరుంది. కానీ చదివింది మనసులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఇద్దరు విద్యార్థులతో అర్థంలేని అక్షరాల గుంపులను బట్టీపట్టించారు. నేర్చుకున్నాక నిద్రపోయినప్పుడు వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి, అంతే సమయం మెలకువగా గడిపినప్పుడు తక్కువ గుర్తున్నాయి. ఆ తర్వాత వందేళ్లుగా జరిగిన ఎన్నో పరిశోధనలు నిద్రకూ జ్ఞాపకానికీ ఉన్న ఈ సంబంధాన్ని బలపరిచాయి. నిద్ర మానేసి చదివిన నాలుగు గంటలు అంతకుముందు చదివిన నలభై గంటలకూ చేటు చేస్తాయి.

పడుకున్నా నిద్ర రాకపోతే? కళ్లు మూసుకుని కదలకుండా పడుకోండి. ఆ విశ్రాంతీ ఎంతోకొంత పనికొస్తుంది. "నిద్ర పట్టలేదే" అనే కొత్త భయాన్ని పెంచుకోకండి.

పరీక్ష రోజు

పొద్దున్న ఇంట్లో ఇడ్లీయో, ముఢీయో, అన్నమో, రోజూ తినేదే తినండి. తర్వాత పది నిమిషాలు ఒక పని చేయండి. తెల్లకాగితం తీసుకుని మీకున్న భయాలన్నీ రాయండి. "సీటు రాదేమో, నాన్నకు మళ్లీ బదిలీ అయితే నేను హాస్టల్లో ఒక్కణ్నీ ఉండాలేమో" అని, ఏది ఉంటే అది. 2011లో రామిరెజ్, బీలాక్ అనే పరిశోధకులు పరీక్షకు ముందు ఇలా పది నిమిషాలు రాసిన విద్యార్థులు మెరుగ్గా రాశారని చూపించారు. ముఖ్యంగా పరీక్షలంటే ఎక్కువ భయపడేవాళ్లకు ఇది బాగా ఉపయోగపడింది. ఇందాక చెప్పిన ఆ ఇరుకు చోటులోంచి భయాలను తీసి కాగితం మీద పెట్టడమన్నమాట. రాశాక చింపి పారేయవచ్చు.

కేంద్రం గేటు దగ్గర "నువ్వు ఆ పాఠం చదివావా? అందులోంచే వస్తుందట" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు దూరంగా నిలబడండి.

లోపల కూర్చున్నాక లెక్క తెలిసి ఉంటే ధైర్యం. 2025లో సీయూఈటీ ఒక్కో పేపరులో 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. అంటే ఒక ప్రశ్నకు 72 సెకన్లు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు ఒకటి కోత. మీ ఏడాది సమాచార పుస్తకంలో ఈ వివరాలు మరోసారి చూసుకోండి. మొదటి విడతలో తెలిసినవి మాత్రమే పెట్టుకుంటూ చివరిదాకా వెళ్లండి. తెలియని చోట ఆగకండి. రెండో విడతలో సగం తెలిసినవి. అప్పటికి మనసు కుదుటపడి, ఇందాక రానిది కూడా వస్తుంది.

నాలుగు జవాబుల్లో రెండు తప్పని తేల్చగలిగితే మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టడం మంచిదా? లెక్క చూడండి. అలాంటి ప్రశ్నలు పది ఉంటే సగటున ఐదు ఒప్పు, ఐదు తప్పు. 25 వస్తాయి, 5 పోతాయి. 20 మిగులుతాయి. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే "పెట్టాలా, వదలాలా" అని అక్కడ మథనపడక్కర్లేదు.

ఒక్కసారిగా అంతా ఖాళీగా అనిపిస్తే చేతులు బల్ల మీద పెట్టి, ముక్కుతో ఊపిరి పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు వదలండి. ఐదారుసార్లు. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. దీనికి ఒక నిమిషం పడుతుంది. కంగారులో పోయే పది నిమిషాలతో పోలిస్తే అది చౌక.

మన పక్క ఊరి కుర్రాడి కథ

కంసావతి నది దాటితే మేదినీపూర్. 1844 ప్రాంతంలో అక్కడికి ఒక డిప్యూటీ కలెక్టరు కుటుంబంతో వచ్చారు. ఆయన కొడుక్కి అప్పుడు ఆరేళ్లు. ఆ అబ్బాయి మేదినీపూర్‌లోని ఇంగ్లిషు బడిలో చేరాడు. కొన్నేళ్లకు కుటుంబం తిరిగి సొంత ఊరికి వెళ్లడంతో బడి మారి హుగ్లీ కాలేజీలో చదివాడు, తర్వాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లాడు. ఆనాటి బదిలీ ఉద్యోగి కొడుకన్నమాట.

1857లో కలకత్తా విశ్వవిద్యాలయం పుట్టింది. మరుసటి ఏడాది మొట్టమొదటి బీఏ పరీక్ష పెట్టారు. అంతకుముందు రాసినవాళ్లు లేరు. పాత ప్రశ్నపత్రాలు లేవు, అడగడానికి సీనియర్లూ లేరు. పట్టుమని పదిపన్నెండు మంది హాజరైన ఆ పరీక్షలో నిబంధనల ప్రకారం ఒక్కరూ పాసు కాలేదు. ఇద్దరు మాత్రం ఆరింటిలో ఐదు సబ్జెక్టుల్లో నెగ్గి, ఆరోదానిలో ఏడు మార్కుల లోపు తేడాతో తప్పారు. వాళ్లకు ఆ మార్కులు కలిపి రెండో తరగతిలో పట్టా ఇచ్చారు. ఒకరు జదునాథ్ బోస్. రెండోవారు ఈ అబ్బాయి, బంకించంద్ర చటర్జీ. తర్వాత 'ఆనందమఠం' రాసి, అందులో 'వందేమాతరం' గీతాన్ని మనకు ఇచ్చినవాడు ఆయనే. ఆయన కూడా డిప్యూటీ మెజిస్ట్రేటుగా ముప్పై ఏళ్లకు పైగా ఊరూరా బదిలీల మీద తిరిగాడు. ఒకసారి మన మేదినీపూర్ జిల్లాకూ వచ్చాడు.

చదవకపోయినా ఫరవాలేదని దీని అర్థం కాదు. ఆయన ఐదు సబ్జెక్టుల్లో నెగ్గాడన్నది మరవకూడదు. కానీ ఆరో సబ్జెక్టులో తగ్గిన ఆ మార్కులు ఆయన ఎంతటివాడో చెప్పలేకపోయాయి. మీ మార్కులు కూడా మీరు ఆ రోజు, ఆ గంటలో, ఆ యాభై ప్రశ్నలకు ఎలా జవాబిచ్చారో మాత్రమే చెబుతాయి.

పైగా ఇవాళ దారులు ఎక్కువ. 1949 నుంచి ఖరగ్‌పూర్ కాలేజీ ఉంది, 1981 నుంచి మేదినీపూర్‌లో విద్యాసాగర్ విశ్వవిద్యాలయం ఉంది. బదిలీల వల్ల ఒకచోట ఉండలేనివాళ్లకు దూరవిద్య ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది, ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఇగ్నో వచ్చింది. ఒక ఏడాది ఒక తలుపు తెరుచుకోకపోతే ఇంకో తలుపు తట్టవచ్చు.

పెద్దలకు ఒక మాట, పిల్లలకు ఒక మాట

ఈ పేజీ అమ్మానాన్నలు కూడా చదువుతారు కాబట్టి వారికో విన్నపం. ఈ మూడు రోజులు "ఎంతవరకు అయింది?" అని అడగకండి. "ఏదైనా చెబుతావా, వింటాను" అని అడగండి. ఊళ్లో ఉన్న మేనత్తకో బాబాయికో ఫోను చేసి "రేపు వీడికి పరీక్ష" అని చెప్పి మాట్లాడించడం పరీక్ష అయ్యాక చేయవచ్చు.

పిల్లలూ, కంగారు ఒకోసారి మామూలు హద్దు దాటుతుంది. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, "నేను లేకపోతేనే నయం" లాంటి ఆలోచనలు రావడం జరిగితే ఆ విషయాన్ని మీలోనే దాచుకోకండి. వెంటనే అమ్మకో నాన్నకో, నమ్మకమున్న టీచరుకో చెప్పండి. కొత్త ఊళ్లో ఎవరికీ చెప్పలేమనిపిస్తే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఒళ్లు కాలితే డాక్టరు దగ్గరికి వెళ్లడం ఎలాగో ఇదీ అలాగే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ ఏడాది సీయూఈటీ రాస్తున్న మన బడి విద్యార్థులందరికీ శుభాకాంక్షలు. ఈ వ్యాసం చదవడం అయిపోయింది కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. పత్రిక మూసేసి, ఇందులో మీకు గుర్తున్న సంగతులు రాయండి. రాయలేకపోయినవి ఎర్ర సిరాతో.